పైరు కట్టుకొను గోడ



వంకాయలు తఱిగిన వెంటనే ముక్కలను ఉప్పునీళ్ళలో వేయవలెనని మన యిండ్లలో ఆడువారికి ఎవరును పాఠము చెప్పలేదు. వేయకున్నచో కోసిన మొగము నల్లబడునని వారెఱుగుదురు. చిన్ననాట నేను మా అమ్మను, “ఎందుకు నల్లబడుతుంది?” అని అడిగితిని. “గాలి తగిలింది కదురా, అందుకు” అని ఆమె చెప్పెను. తరువాత ముప్పది యేండ్లు బడిలో ప్రకృతి శాస్త్రము చెప్పి, సేద్యములో చేయి కాల్చుకొన్న పిదప తలచి చూడగా, మా అమ్మ మాట తప్పు కాదు గాని అందు సగమే యున్నది. గాలి రాతికిని తగులుచున్నది, రాయి నల్లబడదు. మిగిలిన సగము వంకాయలోనే కలదు.

ప్రతి ప్రాణియు కంటికి కనబడని చిన్న చిన్న గదులతో కట్టబడినది. ఆ గదిని కణమందురు. కోయని వంకాయలో, ఒక్కొక్క కణమునందును, రెండు వస్తువులు వేఱువేఱు అఱలలో భద్రముగా నుండును. ఒకటి వగరు రసము. రెండవది ఆ రసమును మార్చగల ఎంజైము. కత్తి పడగానే అఱలు తెగి ఆ రెండును కలియును. గాలిలోని ప్రాణవాయువు తోడగును. గాయముమీద గోధుమవర్ణపు పొర యొకటి ఏర్పడును. వంకాయకు మన కూర సంగతి తెలియదు. తన్నేదో పురుగు కొఱికినదనియే అది తలచును. పురుగునకు రుచింపని, బూజునకు చొరరాని పూత నొకదానిని గాయమునకు పూసికొనుటకు అది ప్రయత్నించుచున్నది. మనము దానిని నీళ్ళలో వేసి ఆ ప్రయత్నమునకు అడ్డుపడుచున్నాము.

మొక్కలు రోగమునకు తమంత తాము అడ్డుగోడ ఎట్లు కట్టుకొనునో, ఆ పనిలో మన చేతులు ఎప్పుడు సాయపడునో, ఎప్పుడు చెఱుపు చేయునో నేడు చెప్పదలచితిని. చెఱుపు చేసినవారిలో నేనొకడను గనుక అచ్చటనుండియే మొదలు పెట్టెదను.

మాది భద్రాచలమునకు ఎగువను, చర్ల మండలములో తాలిపేరు కాలువ క్రింది పల్లె. ఇంటి వెనుక వాగు. వాగు దాటిన అడవి. 2010వ సంవత్సరపు వానకాలమున మూడెకరములలో సాంబ మసూరి నాటితిని. బాపట్లలో రూపొంది 1986లో రైతుల చేతికి వచ్చిన ఈ వంగడమును మీలో చాలమంది బి.పి.టి. 5204 అని అంకెతోనే పిలుతురు. బియ్యము సన్నము, అన్నము రుచి, అంగడిలో గిరాకి. రోగమునకు మాత్రము మిక్కిలి లోబడు వంగడము. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియు రెండు పనులు చేసితిని.

నారు పీకి కట్టలు కట్టినపుడు కొనలను కొడవలితో తెగగోయించితిని. కాండము తొలుచు పురుగు తన గ్రుడ్లను ఆకుకొనలమీద పెట్టును, కొనలు తీసివేసినచో గ్రుడ్లును పోవునని నేర్చుకొన్న పద్ధతి అది. ఎండాకు తెగులు లేని చోట మంచి పద్ధతియే. నాటిన తరువాత, ఎకరమునకు సుమారు రెండు బస్తాల యూరియా చాలునని యెఱిగియు, పైరు మఱింత కళకళలాడవలెనను ఆశతో విడతలు విడతలుగా నాలుగు బస్తాలు చల్లించితిని. నాటి బస్తా 50 కిలోలది. 2018 నుండి 45 కిలోలకు తగ్గినది. నాలుగు బస్తాలనగా ఎకరమునకు 92 కిలోల నత్రజని. ఈ లెక్క ఆనాడు వేసికొననైతిని.

ప్రక్క పొలము ఒక కోయ పెద్దాయనది. విత్తనము మా యింటినుండి పోయినదే. ఆయన ఎకరమునకు ఒక్క బస్తా వేయుటకును తడుముకొనును. నారు కొనలు కోయించుటకు తనకు తీరిక లేదనును. భాద్రపదమున గట్టుమీద నిలిచి నా పొలము వంక చాలసేపు చూచి, “పంతులూ, నీ వరి బాగ నల్లబడ్డది. నాకెందుకో భయమైతాంది” అనెను. నేను నవ్వి, “నల్లగుంటేనే కదా మామా గింజ పట్టేది” అంటిని.

తరువాత గాలివాన పట్టి కొన్ని దినములు విడువలేదు. వెలిసిన నాటికి నా పొలమున ఆకుల కొనలు పసుపుపచ్చనై, ఆ పసుపు అంచులవెంబడి అలలు అలలుగా క్రిందికి దిగుచు, వెనుకనే ఎండి గడ్డిరంగునకు తిరుగుచుండెను. ఉదయమున ఆకు అంచులందు పసుపుపచ్చని సన్నని బొట్లు కనబడెను; ఎండ యెక్కగా అవి గట్టిపడి రేణువులై రాలెను. ఎండాకు తెగులు అది. అంగడిలో ఇచ్చిన మందు రెండుమార్లు చల్లించితిని. గుణము కనబడలేదు. ఆ యేడు ఇల్లు చేఱిన ధాన్యము మామూలులో సగమైనను కాదు. ప్రక్క పొలమునకు తెగులు రాలేదని చెప్పినచో అబద్ధమగును. వచ్చినది. కాని ఆకుకొనను మొదలై జానెడు దిగి నెమ్మదించినది. ఆయన పంట యింటికి వచ్చినది. ఒకే విత్తనము, ఒకే కాలువ, ఒకే వాన. ఆయన ఆకులో తెగులును ఏది నిలిపినదను ప్రశ్న నాడు నన్ను పట్టుకొని నేటికిని విడువలేదు.

ఈ తెగులును కలిగించునది బాక్టీరియా జాతికి చెందిన క్రిమి. జపాను దేశమున ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884లోనే ఈ తెగులును గుర్తించిరి. క్రిమికి శాస్త్రజ్ఞులిడిన పేరు జాంథోమొనాస్ ఒరైజే. మనకు దాని పేరుతో పనిలేదు, నడతతో పనియున్నది. తెల్లవారుజామున వరియాకు అంచులందు నీటిబొట్లు నిలుచుటను చూచియుందురు. అది యంతయు మంచని మనమనుకొందుము. అందు కొంత మంచు కాదు. వేళ్ళు పీల్చిన నీరెక్కువై ఆకు అంచునగల సన్నని రంధ్రములగుండ పైకి వచ్చిన నీరు. ఆ రంధ్రములే ఈ క్రిమికి వాకిండ్లు. కొడవలి గాటు పడినచో అది సింహద్వారము. లోపల చొచ్చిన క్రిమి, ఆకులో నీరు పాఱు గొట్టములయందు కాపురముండి, లక్షలుగా పెరిగి, కాలువకు పూడిక పడినట్లు ఆ గొట్టములను పూడ్చును. చేనిలో నీరు నిండియుండగనే ఆకు ఎండిపోవుటలోని మర్మమిది.

సందేహము కలిగినపుడు ఇంటివద్దనే పరీక్ష చేయవచ్చును. పచ్చదనమునకును ఎండుకును సరిహద్దునగల ఆకుముక్కను కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో కోసిన అంచు మునుగునట్లు నిలుపుడు. కొన్ని నిమిషములలో ఆ యంచునుండి పాలవంటి సన్నని ధార దిగినచో అది ఈ క్రిమియే. ధార లేకున్నచో ఎండుటకు కారణము వేఱు. ఆ కారణమును వేఱుగా వెదకవలెను.

ఇక గోడ సంగతి. మనుష్యునకు రోగము సోకినచో రక్తములో తిరుగు కాపరి కణములు ఆ చోటికి చేరును. మొక్కకు రక్తము లేదు, తిరుగు కాపరులు లేరు. ప్రతి కణమును తన గదిలో తాను బందీయై యుండును. కావున ఏ గదికి ఆ గదియే కోట కావలెను.

మా ప్రాంతపు కోయగూడెములలోని తడికగోడలను చూచినవారికి ఈ సంగతి సులభముగా తెలియును. వెదురు బద్దలను అల్లి నిలిపి, రెండు ప్రక్కలను బంకమట్టి మెత్తుదురు. మొక్క కణపు గోడయు అట్టిదే. సెల్యులోజు అను పదార్థము వెదురు బద్ద. దానిని పట్టియుంచు బంకమన్ను పెక్టిను మొదలగునవి. జామపండ్ల పాకము చల్లారి గడ్డకట్టుట ఈ పెక్టిను చలువయే. లేత ఆకున గోడ చాలవఱకు ఇంతే. గట్టిపడవలసిన చోట మూడవ పదార్థము చేరును. దాని పేరు లిగ్నిను. అది గచ్చు వంటిది. గోడ సందులలోనికి ఇంకి, నీరు చొరకుండను, క్రిమి కరగింపకుండను కాపాడును. కఱ్ఱ బరువులో సుమారు నాలుగవ వంతు లిగ్నినే. భద్రాచలమునకు ఎదుట, గోదావరి ఆవలి యొడ్డున, సారపాకలో కాగితపు మిల్లున్నది గదా. అచ్చట కఱ్ఱముక్కలను క్షారములతో ఉడికించుట ఈ గచ్చును విడదీయుటకే. విడిన నల్లని ద్రవమును చిక్కబఱచి ఆవిరి కొఱకు కాల్చుదురు. చెట్టు ఏండ్లతరబడి పూసికొన్న గచ్చును మనము గంటలలో కడిగివేయుచున్నాము. ఈ ప్రసంగము అచ్చుపడినచో, అట్లు మిగిలిన వెదురుబద్దలమీదనే అచ్చుపడును.

ఈ గచ్చును పూయువారు ఎంజైములు. ఎంజైమనగా ఒక జాతి మాంసకృత్తు. తాపీమేస్త్రి ఇటుకను ఇటుకతో అతికించును. తాను గోడలో కలియడు. ఒక గోడ ముగియగానే మఱియొకదానికి పోవును. ఎంజైమును అట్టిదే. అయితే ఈ మేస్త్రులలో ఒక్కొక్కనికి ఒక్కటే పని వచ్చును. మొదటివాడు గచ్చునకు ముడిసరకు సిద్ధపఱచును. వానిని సున్నపు బట్టీవాడనవచ్చును. ఫినైలలనిన్ అమ్మోనియా లయేజు అనునది వాని పేరు. అమెరికా శాస్త్రజ్ఞులు 1961లో వానిని గూర్చి ప్రకటించిరి. పేరు నోరు తిరుగకున్నను విచారము లేదు. చివరివాడు పెరాక్సిడేజు. ముడిసరకు ముక్కలను గోడయందే ఒకదానికొకటి అతికించి గచ్చుగా గట్టిపఱచువారిలో వీడు ముఖ్యుడు. వీని పనికి హైడ్రోజన్ పెరాక్సైడు కావలెను; ఆసుపత్రిలో పుండు కడుగుటకు పోయగా బుసబుస పొంగు మందు అదే. క్రిమి సోకిన కొన్ని నిమిషములలోనే ఆకు కణము ఆ మందును తనంత తాను చేసికొని గోడవైపు విడుచును. అది క్రిమిని బాధించును. మేస్త్రికి పనిసరకును అగును.

ఈ పెరాక్సిడేజు పని మనుష్యుల కంట బడి రెండు శతాబ్దములు దాటినది. 1810లో ప్లాంష్ అను ఫ్రెంచి ఔషధ శాస్త్రజ్ఞుడు, హార్స్‌రాడిష్ అను ఘాటైన వేరు తగులగానే ఒక చెట్టుబంక ద్రావకము నీలమగుటను చూచెను. ఆ వేరునుండి తీసిన పెరాక్సిడేజును నేడు రక్తపరీక్షలలో రంగు తేల్చుటకు వాడుచున్నారు. మన దేశమునకు వచ్చిన దొరలు ఆ వేరునకు బదులుగా మునగవేరును నంజుకొనెడివారు. అందుచేత మునగకు ఇంగ్లీషున హార్స్‌రాడిష్ చెట్టను పేరు పడినది. ప్రసంగమునకు ఇది అవసరము కాదు. పెరటిలో మునగ ఉన్నవారికి వినసొంపుగా నుండునని చెప్పితిని.

ఇంకొక మేస్త్రి చాల చుఱుకైనవాడు. చక్కెర ముక్కలను గొలుసుగా కూర్చి కాలోజు అను ముద్దను చేసి, క్రిమి తాకిన చోట గోడకు లోపలివైపునుండి కొట్టును. ఎలుక కన్నమునకు మట్టిముద్ద కొట్టినట్లు. గచ్చు గట్టిపడుటకు కాలము పట్టును. ఈ ముద్ద కొన్ని గంటలలోనే పడును.

క్రిమి మాత్రము చేతులు ముడుచుకొని యుండునా? దానికిని మేస్త్రులు కలరు. వారు గోడ కూల్చు మేస్త్రులు. వెదురు బద్దవంటి సెల్యులోజును తెంచువాడొకడు, మన్నును కరగించువాడొకడు, అతుకులు విప్పువాడొకడు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను పరిశోధన కేంద్రమున రమేశ్ సొంటిగారును వారి సహచరులును ఈ కూల్చువారిని గుఱించి పెక్కేండ్లు పరిశోధించిరి. క్రిమి లేకుండ, దాని కూల్చు ఎంజైమును మాత్రము వేఱుచేసి వరియాకులోనికి ఎక్కించి చూచిరి. ఆకు ఊరకుండలేదు. శత్రువు వచ్చినట్లే లేచి గోడకు ముద్దలు కొట్టుకొన మొదలిడెను. అనగా కూలిన గోడ ముక్కయే మొక్కకు గంట. దొంగ కన్నము వేయుచుండగా రాలిన మట్టిపెళ్ళల చప్పుడు ఇంటివారిని లేపినట్లు, తన గోడ చిట్లిన గుర్తును పట్టి మొక్క మేల్కొనుచున్నది.

అట్లయినచో వరి ఏల ఓడుచున్నదని మీరడుగవచ్చును. నేనును అడిగికొంటిని. దొంగయు తెలివి గలవాడే. ఈ క్రిమికి సూదివంటి సాధనమొకటి కలదు. దానితో తన మాంసకృత్తులు కొన్నిటిని కణములోనికి నేరుగా ఎక్కించి, మ్రోగుచున్న గంటలో గుడ్డలు క్రుక్కును. 2007లో హైదరాబాదువారు ప్రకటించిన పరిశోధనలో ఈ సంగతి తేలినది. సూది లేకుండ చేసిన క్రిమిని ఎక్కించిన ఆకున ముద్దలు దట్టముగా పడినవి. సూదిగల క్రిమి చొచ్చిన ఆకున అట్లు పడలేదు.

కావున ఇది బలముల పోరు మాత్రమే కాదు. ఎవరు ముందను పోరు. అమెరికాలోని కాన్సాస్‌లో కొందఱు శాస్త్రజ్ఞులు, ఈ తెగులును తట్టుకొను వరిని, లొంగిపోవు వరిని ప్రక్కప్రక్కన నుంచి చూచిరి. 2001లో వెలువడిన వారి వ్రాతను బట్టి, తట్టుకొను వరియందు నీటిగొట్టముల ప్రక్క కణములలో పెరాక్సిడేజు ప్రోగుపడి, ఆ గొట్టముల గోడలు దళసరియైనవి. లొంగిపోవు వరికిని పెరాక్సిడేజు లేకపోలేదు. దానికి మేస్త్రి వచ్చునప్పటికే దొంగ పడమటింటిలో కూర్చుండెను. నా ప్రక్క పొలపు ఆకు జానెడు దిగిన తరువాత తెగులును నెమ్మదింపజేయుటలో ఇట్టి పని కొంత యుండవలెనని నా ఊహ. ఊహ యనియే చెప్పుచున్నాను. ఆ ఆకును సూక్ష్మదర్శిని క్రింద ఎవరును చూడలేదు.

శాస్త్రజ్ఞులు ఒక వరి ఎంత తట్టుకొనునో కొలుచు పద్ధతి మీరు వినదగినది. 1973లో కాఫ్‌మన్ మొదలగువారు ప్రకటించిన ఆ పద్ధతిలో, కత్తెరను క్రిమి కలిపిన నీటిలో ముంచి ఆకుల కొనలను కత్తిరింతురు. రెండు వారములైన పిదప కొననుండి ఎంత దూరము ఎండినదో కొలుతురు. తట్టుకొను వంగడమున కొద్దిగా ఎండి ఆగును. లొంగు వంగడమున ఆకు పొడవునను దిగును. లోకములోని వరి పరిశోధనాలయములలో తెగులును కోరి అంటించుటకు నేటికిని వాడుచున్న ఉపాయమిదియే. నేను చదివినపుడు పుస్తకము మూసివేసి కొంతసేపు కూర్చుంటిని. 2010లో నా నారుమడిలో కూలికి నలుగురిని పెట్టి నేను చేయించిన పని అదియే గదా! వారు కత్తెరతో చేసిరి, నేను కొడవలితో చేయించితిని. వారు కొలుచుటకు చేసిరి, నేను తినుటకు పెంచిన పైరునకు చేసితిని. ఎక్కడనో ఒక మొక్కలో నున్న క్రిమిని కొడవలి కట్టకట్టకును మోసినది.

ఈ తెగులునకు వంగడమే మందు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరి యొకదానిలో ఈ క్రిమిని పసిగట్టు గుణమున్నదని తెలిసి, ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు దానిని సాగువరిలోనికి సంకరముచే తెచ్చిరి. ఆ గుణమును మోయు జన్యువు పేరు ఎక్స్.ఏ. 21. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పమేలా రొనాల్డ్‌గారి బృందము దానిని విడదీసి చూపెను. అది కణపు గడపలో కూర్చున్న కావలివాని వంటిది; వాని చెవి బయట, చేయి లోపల. ఆ లోపలి చేయియు ఒక ఎంజైమే. మేస్త్రులను పిలుచునది అది. హైదరాబాదు సి.సి.ఎం.బి.వారును, నేడు భారతీయ వరి పరిశోధన సంస్థయని పిలువబడు రాజేంద్రనగరపు సంస్థవారును కలిసి, ఈ జన్యువును మఱి రెండింటితో జోడించి, మన సాంబ మసూరిలోనికి సంకరము మీద సంకరము చేసి ఎక్కించిరి. 2008లో విడుదలయైన ఆ వంగడమే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. ఇది బీ.టీ. పత్తి వంటి జన్యుమార్పిడి పంట కాదు. వరితో వరిని కలిపినదే. మూడు జన్యువులేల యన్నచో, ఒక్క తాళమునకు దొంగ త్వరగా మాఱుతాళము చేయించుకొనును. మూడు తాళములైనచో ఆలస్యమగును. అసలు చేయించుకొనలేడని నేను చెప్పను. అగ్గి తెగులునకు ఈ మూడు తాళములును అడ్డు కావు.

యూరియా సంగతికి వత్తును. నత్రజని ఎక్కువైనచో పైరు త్వరత్వరగా ఎదుగును. కణములు పెద్దవగును, గోడలు పలుచనగును. లేత పెరుగుదలకు సరకంతయు పోయి, గచ్చు ముడిసరకగు వగరు పదార్థములు తగ్గును. ఆకులు దట్టమై క్రింద తడి ఆఱదు. పెద్దాయన “నల్లబడ్డది” అని చూచినది ఈ పలుచని గోడలనే. ఆయనకు సూక్ష్మదర్శిని లేదు. ఏబది వానకాలములు చూచిన కన్నున్నది. అయితే ఎరువు మానుడని నేననను. మంచి కాలములలో ఆయనకంటె నాకు పండెడిది, అదియు నిజమే. నత్రజనిని మూడు విడతలుగా, కొలతకు మించకుండ వేయుడు. తెగులు కనబడినపుడు పై విడత ఆపి, చేనిలో నిలిచిన నీటిని తీసివేయుడు. పొటాషును మఱువకుడు.

వరికి ఇంకొక గచ్చు కలదు; మట్టిలోనుండి కరగిన సిలికాను పీల్చి ఆకు పైపొర క్రింద పఱచుకొనును. వరియాకు చేయి కోయుట అందువలననే. ఊకను కాల్చిన బూడిదలో నూటికి సుమారు తొంబది వంతులు ఈ సిలికాయే. అగ్గి తెగులును అరికట్టుటలో ముఖ్యముగా ఇది తోడ్పడును. మన మిల్లుల వెనుక కుప్పలుగా పడియుండు ఆ బూడిద ఎందులకును పనికిరాదనుకొనుట పొరపాటు. ఎండాకు సోకిన చేని గడ్డిని మాత్రము నారుమడి దరిదాపులకు రానీయరాదు. క్రిమి గడ్డిలోను మోళ్ళలోను దాగును.

మేస్త్రులకును పనిముట్లు కావలెను. పెరాక్సిడేజునకు ఇనుము, లాకేజు అను మఱియొక గచ్చు మేస్త్రికి రాగి అవసరము. అవి కొఱతపడిన నేలలో ఎంత నత్రజని పోసినను గోడ లేవదు. ఏది కొఱతయో మట్టిపరీక్షచే తెలిసికొని వేయవలెను గాని, అంగడివాని మాటపై వేయరాదు.

ఖమ్మము వైపు మిరప రైతులు తమ సంగతియేమని అడుగుదురు. కాయకుళ్ళు తెగులు విషయమున గోడ మాట పనికివచ్చును. ఆ బూజు పచ్చికాయమీద వాలి తొందరపడక వేచియుండును. కాయ పండునపుడు మొక్క తన గోడను తానే మెత్తపఱచుకొనును; కట్టు మేస్త్రులున్నట్లే విప్పు మేస్త్రులును మొక్కకు కలరు, లేకున్న ఏ పండును మెత్తబడదు. బూజు కోరుకొను అదను అదియే. సత్తుపల్లి, అశ్వారావుపేట తోటలలోని మామిడి, చెట్టుమీద నున్నపుడు మచ్చ లేకుండి, మాగవేసిన తరువాత నల్లమచ్చలు తేలుటయు ఇట్టిదే. కాని తెల్లదోమ తెచ్చు ఆకుముడుత వైరసునకు గోడ అడ్డు కాదు. దోమ తన సూదితో గోడ దాటించి వైరసును లోపలనే దింపును. 2021లో మిరపతోటలను పాడుచేసిన నల్ల తామరపురుగునకును అంతే. గోడను గట్టిపఱచు మందని చెప్పి సీసాలలో నమ్మునవి నేడు పెక్కు కలవు. వానిలో కొన్నిటివలన మేస్త్రులు చుఱుకగుట పరిశోధనలలో కనబడిన మాట నిజమే. అవి తెగులు రాకముందు సాయపడునవి. వచ్చిన తెగులును కుదుర్చునవి కావు. ఏ తెగులునకో చెప్పలేక అన్ని తెగుళ్ళకని చెప్పువానివద్ద కొనకుడు.

అడవిలో తపసి జిగురు తీయువారు ఈ విద్యను మనకంటె ముందే చేతితో నేర్చిరి. చెట్టునకు పైపైన గాటు పెట్టినచో జిగురు కారును, అంచులు మూసికొనును. లోతుగా నఱికినచో కొంతకాలమునకు చెట్టే ఎండును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను ఆయన వేలకొలది చెట్లను నిలువున కోయించి చూచి, చెట్టు గాయమును మాన్పుకొనదనియు, చెడిన భాగము చుట్టును గోడకట్టి విడిచి క్రొత్త కఱ్ఱను వెలుపల పెంచుకొనుననియు చెప్పెను. మన మేను పుండు మాని పూర్వపుటట్లగును. చెట్టులో నూఱేండ్లనాటి గాయము గోడల నడుమ అట్లే యుండును.

ఇప్పుడు నేను రెండెకరములలో ఇంప్రూవ్డ్ సాంబ, ఒక్క యెకరములో పాత సాంబ పెట్టుచున్నాను. నారు కొనలు కోయించుట మానితిని. గ్రుడ్లున్న ఆకులను చేతితో ఏఱించుచున్నాను; కూలి ఎక్కువగును, అయినను తప్పదు. కోయ పెద్దాయన కాలము చేసెను. పొలము ఆయన కొడుకు చేయుచున్నాడు. గత వానకాలమున అతడు అదే గట్టుమీద నిలిచి, “నీ చేను పాలిపోయినట్లున్నది పంతులుగారూ, ఒక బస్తా ఎక్కువ వేయరాదా?” అనెను. నేను అతని చేని వంక చూచితిని. నల్లగా నిగనిగలాడుచుండెను. మా నాయనా, మీ అయ్య ఇదే గట్టుమీద నాతో ఏమన్నాడో తెలుసా అని మొదలుపెట్టి, నడుమ ఆపి, అతని చేనిలోనికి దిగి కొన పసుపు తిరిగిన ఆకు నొకదానిని కోసి తెచ్చితిని. అతడు ఇంటినుండి గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చెను. ఇద్దఱమును అరుగుమీద కూర్చుండి చూచుచుంటిమి. కొంతసేపటికి ఆకు అంచునుండి పాలపోగువంటిది సన్నగా దిగ నారంభించెను. చావడిలో రెండు బస్తాల యూరియా మూట విప్పకయే యుండెను. అతడు లేచిపోయి వానిని గోడవైపునకు జరిపి, పైన గోనెపట్టా కప్పి, పార తీసికొని చేనినీరు తీయుటకు మడవ వంక నడచెను.